శాంపిల్ సరిగ్గా ఉంటేనే రిపోర్టు సరిగ్గా ఉంటుంది

“రేపు పొద్దున యూరిన్, మోషన్ శాంపిళ్లు పట్టుకురండి” అంటారు వెటర్నరీ డాక్టర్. మనం తలూపి వచ్చేస్తాం. ఇంటికి చేరాక అసలు సందేహం మొదలవుతుంది. మనిషికైతే డబ్బా చేతికిచ్చి బాత్రూమ్ చూపిస్తే సరిపోతుంది. గేటు తీయగానే కరెంటు స్తంభం వైపు లాక్కెళ్లే కుక్క దగ్గర, మంచం కింద దూరి బయటికి రాని పిల్లి దగ్గర ఈ పని ఎలా చేయాలి? మర్నాడు చాలా ఇళ్లలో జరిగేది ఇది: ఒకటి రెండుసార్లు ప్రయత్నిస్తారు, కుక్క బెదిరిపోతుంది, చివరికి నేల మీద పడినదాన్ని దూదితో అద్ది డబ్బాలోకి పిండుతారు. లేకపోతే “దొరకలేదు డాక్టర్ గారూ” అని వట్టి చేతులతో వెళ్తారు.

కుక్కకి ఎక్కడ నొప్పిగా ఉందో అది చెప్పలేదు. డాక్టర్ పొట్ట తడిమి, జ్వరం చూసి, చిగుళ్ల రంగు చూసి కొంత పసిగడతారు. లోపలి సంగతి తెలియాలంటే రక్తం, మూత్రం, మలం చూడాలి. రక్తం డాక్టరే తీస్తారు. మిగతా రెండూ ఎక్కువగా ఇంటివాళ్లే తేవాలి. ల్యాబ్‌లో కూర్చున్న మనిషికి మీ కుక్క కనిపించదు, డబ్బాలో ఉన్నది మాత్రమే కనిపిస్తుంది. అందులో ఫినాయిల్ కలిసినా, ఎండకి కుళ్లినా, పక్కింటి కుక్కది వచ్చినా ఆ ఫలితమే రిపోర్టులోకి ఎక్కుతుంది. దాన్ని బట్టే మందు రాస్తారు. అందుకే శాంపిల్ తీయడాన్ని నేను చిల్లర పనిగా చూడను. వైద్యంలో పెంచేవాళ్ల చేతి మీదుగా జరిగే భాగం ఇది.

మూత్ర పరీక్ష ఎంత ముందుగా ప్రమాదాన్ని పట్టిస్తుందో చెప్పడానికి కిడ్నీల జబ్బు ఒక్కటి చాలు. కుక్కల్లో కిడ్నీ కణజాలం సుమారు మూడింట రెండొంతులు దెబ్బతినేసరికి మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గిపోతుంది, మూత్రం పల్చగా వస్తుంది. రక్తంలో క్రియాటినిన్ పెరగడం మాత్రం నాలుగింట మూడొంతులు పోయాక గానీ సాధారణంగా కనిపించదు. అంటే రక్త పరీక్ష “బాగానే ఉంది” అంటున్న రోజుల్లోనే మూత్రం నిజం చెప్తుంటుంది. ఈ చిక్కదనాన్ని స్పెసిఫిక్ గ్రావిటీ అంటారు. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం మీద ఒక్క చుక్క వేస్తే తెలిసిపోతుంది. కుక్కలో 1.030 పైన, పిల్లిలో 1.035 పైన ఉంటే కిడ్నీలు నీటిని బాగానే పట్టి ఉంచుతున్నాయని లెక్క. రాత్రంతా నీళ్లు తాగకుండా పడుకుని లేచాక వచ్చే మూత్రం అన్నిటికంటే చిక్కగా ఉంటుంది కాబట్టే డాక్టర్లు పొద్దుటి మొదటి మూత్రం అడుగుతారు. శాంపిల్ కోసమని పనిగట్టుకుని నీళ్లు కట్టేయకండి. కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్న జంతువుకి నీళ్లు ఆపడం ప్రమాదం. సెలైన్ ఎక్కించాక తీసిన మూత్రంలో చిక్కదనం లెక్కకి రాదు. కాబట్టి వీలైతే సెలైన్ ముందే తీయాలి, లేదా ఎక్కించిన సంగతి రాసి ఇవ్వాలి.

కుక్క మూత్రం పట్టే పద్ధతి

ముందు సామాన్లు. మెడికల్ షాపులో మర మూతతో వచ్చే స్టెరైల్ యూరిన్ కంటైనర్ అడగండి, 30 మిల్లీలీటర్లది దొరుకుతుంది. మొత్తం నింపనక్కర్లేదు, 5 మిల్లీలీటర్లు ఉంటే మామూలు పరీక్షలన్నీ చేస్తారు. 2, 3 మిల్లీలీటర్లే దొరికినా పారబోయకండి, అది కూడా పనికొస్తుంది. జామ్ సీసా, తేనె సీసా కడిగి వాడితే గోడలకి అంటిన తీపి వల్ల మూత్రంలో షుగర్ ఉన్నట్టు రావచ్చు. బ్లీచింగ్ తగిలిన పాత్రలో పడితే లేని రక్తం ఉన్నట్టు పరీక్ష స్ట్రిప్ రంగు మారుతుంది. సబ్బు నురుగు సరిగ్గా వదలని గిన్నెతోనూ ఇదే చిక్కు.

డబ్బా మూతి చిన్నది కాబట్టి నేరుగా అందులో పట్టడం కష్టం. ఆడకుక్క నేలకి దగ్గరగా వంగి కూర్చుంటుంది. దానికి అంచు తక్కువ ఉన్న పళ్లెం కావాలి. వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టిన స్టీలు పళ్లెం గానీ, కొత్త పేపరు ప్లేటు గానీ చాలు. కాలెత్తే మగకుక్కకి పొడుగు కాడ ఉన్న గరిటె బాగా అక్కరకొస్తుంది. మనం వంగకుండా, దాని మీద పడకుండా దూరం నుంచే అందించవచ్చు. శాంపిల్‌కి వాడిన గరిటె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు, దాని కోసం ఒక పాతది విడిగా పెట్టండి.

మా కాలనీలో ఒకావిడ తన లాబ్రడార్‌కి శాంపిల్ పట్టే తీరు చూసి ఈ పని నేర్చుకోవచ్చు. ముందు రోజు సాయంత్రమే పళ్లెం తెచ్చి దాని ముందు పెట్టి వాసన చూడనిచ్చింది. వాకింగ్‌కి వెళ్లినప్పుడు ఆ పళ్లెం ఊరికే చేతిలో పట్టుకుని నడిచింది. పొద్దున మాత్రం నేరుగా గడ్డి ఉన్న మూలకే తీసుకెళ్లింది, ఇంకెక్కడా ఆగనివ్వలేదు. తోలు పట్టీ చేతికి చుట్టి పొట్టిగా పట్టుకుంది, మాట్లాడలేదు. కుక్క నేల మూచూస్తూ ఒక చుట్టు తిరిగి వెనక కాళ్లు వంచగానే ఆవిడా పక్కనే గొంతుక్కూచుంది. ధార మొదలై ఒక క్షణం గడిచాక పళ్లాన్ని వెనక వైపు నుంచి, నేలకి ఆనించే, మెల్లిగా జరిపింది. కుక్క ఒకసారి తల తిప్పి చూసింది గానీ ఆపలేదు. నాలుగు చెంచాలు పడగానే పళ్లెం బయటికి లాగి, అక్కడికక్కడే డబ్బాలో ఒంపి, మూత బిగించింది. తర్వాత కుక్కకి ఒక బిస్కెట్ ఇచ్చింది.

ఈ తతంగంలో ప్రతి మెట్టుకీ కారణం ఉంది. ధార మొదలవకముందే పళ్లెం పెడితే కుక్క లేచిపోతుంది. మొదటి చుక్కలు దారిలో ఉన్న మురికినీ వెంట్రుకల మీది మట్టినీ కడుక్కుంటూ వస్తాయి, అందుకని వాటిని వదిలి మధ్య ధార పట్టాలి. ముందు నుంచి చేయి పెడితే చాలా కుక్కలకి బెదురు. పళ్లెం ఒంటికి తగిలితే మరీ బెదురు. పొమరేనియన్, షిట్జూ లాంటి జూలు కుక్కలకైతే ముందు రోజే ఆ భాగాన్ని మామూలు నీళ్లతో కడిగి తుడవండి. డెట్టాల్, సావ్లాన్ వద్దు. ఆడకుక్క హీట్‌లో ఉంటే ఆ రక్తం మూత్రంలో కలుస్తుంది, ఆ సంగతి డాక్టర్‌కి తప్పక చెప్పండి.

మొదటి రోజు కుదరకపోవచ్చు. కుదరనందుకు కుక్క మీద అరవకండి. ఒకసారి తిట్లు తిన్న కుక్క మన ముందు కూర్చోవడమే మానేస్తుంది, ఆ తర్వాత వారమంతా తిప్పలే.

దూదితో అద్దడం, డైపర్ పిండడం పనికిరాదు. కణాలూ స్ఫటికాలూ ఆ దూదిలోనే ఉండిపోతాయి, డబ్బాలోకి వచ్చేది నీళ్లు మాత్రమే. గచ్చు మీద పడింది తప్ప వేరే దారి లేదనుకున్నప్పుడు, ఫినాయిల్ తుడవని చోటిదైతే సిరంజితో పీల్చి తీసుకెళ్లి, “నేల మీది నుంచి తీశాను” అని చెప్పండి. అందులో షుగర్ ఉందో లేదో చూడగలరు. క్రిములు, ప్రోటీన్ లెక్కలకి అది పనికిరాదు. పొట్ట నొక్కి మూత్రం రప్పించాలని మాత్రం ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు. దారి మూసుకుపోయి ఉంటే మూత్రాశయం పగిలే ప్రమాదం ఉంది.

ఇన్‌ఫెక్షన్ ఉందని అనుమానించి, క్రిములని పెంచి చూసే కల్చర్ పరీక్ష రాస్తే ఇంటి శాంపిల్ సరిపోదు. ఎంత శుభ్రంగా పట్టినా చర్మం మీది బాక్టీరియా కలిసే తీరుతుంది. అప్పుడు డాక్టర్ సన్నని సూదితో పొట్ట మీది నుంచి నేరుగా మూత్రాశయంలోంచి తీస్తారు. వినడానికి భయంగా ఉంటుంది. చూస్తే చాలా జంతువులు రక్తం తీసేటప్పటికంటే ఎక్కువేమీ కదలవు. కల్చర్ అనుకున్నప్పుడు ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర ముందే వేసేయకండి. వేశాక క్రిములు పెరగవు, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, జబ్బు లోపలే ఉంటుంది.

రెండు పరీక్షలకి మాత్రం ఇంట్లో పట్టిన మూత్రమే మేలు. ఒకటి, మూత్రంలో ప్రోటీన్ ఎంత పోతోందో చూసే ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి. ఇది రోజు రోజుకీ మారుతుంది కాబట్టి ఒక్కోసారి వరసగా మూడు రోజుల మూత్రం తెమ్మంటారు. రెండోది కుషింగ్స్ జబ్బు కోసం చేసే కార్టిసాల్ పరీక్ష. ఆసుపత్రికి రావడమే కుక్కకి ఒత్తిడి, ఆ ఒత్తిడికే కార్టిసాల్ పెరుగుతుంది. ఇంట్లో ప్రశాంతంగా నిద్రలేచినప్పుడు పట్టింది నమ్మదగ్గది.

ఇంకో మాట. వెటర్నరీ ల్యాబ్ దూరమని, వీధి చివరి మనుషుల డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇచ్చి రిపోర్టు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. మనుషుల కోసం తయారైన స్ట్రిప్‌లో తెల్లకణాలు, నైట్రైట్, స్పెసిఫిక్ గ్రావిటీ చూపే గడులు కుక్కల్లో, పిల్లుల్లో నమ్మదగ్గవి కావు. పిల్లి మూత్రంలో తెల్లకణాలు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. తప్పనిసరై అక్కడ ఇస్తే కుక్కదని చెప్పే ఇవ్వండి, ఆ రిపోర్టుతో మీరే నిర్ణయానికి రాకండి.

పిల్లికి వేరే లెక్క

పిల్లి వెనక పళ్లెం పట్టుకుని తిరిగితే అది మూత్రాన్ని ఆపుకుంటుంది. దాని ట్రేలోనే ఏర్పాటు చేయాలి. మామూలు లిట్టర్ తడిని పీల్చేస్తుంది కాబట్టి ట్రే ఖాళీ చేసి, కడిగి, బాగా ఆరబెట్టి ఉత్తి ట్రే పెట్టి చూడండి. కొన్ని పిల్లులు ఇబ్బంది లేకుండా వాడేస్తాయి. తవ్వుకోవడానికి ఏదో ఒకటి ఉండాల్సిందే అనే పిల్లికి, తడి పీల్చని వస్తువు వేయాలి. అక్వేరియంలో వేసే నున్నటి చిన్న గులకరాళ్లని వేడి నీళ్లలో కడిగి ఆరబెట్టి పల్చగా పరిస్తే చాలు. ఆ రాత్రికి పిల్లిని ఆ ట్రేతో, నీళ్లతో ఒక గదిలో ఉంచండి. పొద్దున ట్రే ఒక మూలకి వంచి, సూది లేని సిరంజితో పీల్చి డబ్బాలో వేయండి. రెండు మూడు పిల్లులున్న ఇంట్లో విడి గది తప్పనిసరి, లేకపోతే ఎవరి మూత్రానికి ఎవరు మందు మింగుతారో తెలియదు.

మగపిల్లి విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మాటిమాటికీ ట్రేలోకి వెళ్లడం, ముక్కడం, అరవడం, కింద నాక్కోవడం, చుక్క కూడా రాకపోవడం కనిపిస్తే శాంపిల్ కోసం ఎదురుచూడకూడదు. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే రక్తంలో పొటాషియం పెరిగి, ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. దాన్ని మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించి కాలయాపన చేసేవాళ్లున్నారు. అర్ధరాత్రి అయినా సరే, వెంటనే తీసుకెళ్లాలి.

మలం శాంపిల్

ఇది మూత్రం కంటే తేలిక, కానీ ఇందులో అజాగ్రత్త ఎక్కువ. ఎప్పుడో పడి ఎండిపోయిన ముక్కని చెత్తకాగితంలో చుట్టి తెస్తారు. ల్యాబ్‌లో దాంతో ఏం చేస్తారో తెలిస్తే అలా తేబుద్ధి కాదు. రెండు నుంచి ఐదు గ్రాముల మలాన్ని చిక్కటి ఉప్పు ద్రావణంలోనో, జింక్ సల్ఫేట్ ద్రావణంలోనో, పంచదార ద్రావణంలోనో కలిపి వడగడతారు. పురుగుల గుడ్లు ఆ ద్రావణం కంటే తేలిక కాబట్టి పైకి తేలతాయి. పైపొరని గాజు పలక మీదికి తీసుకుని మైక్రోస్కోప్ కింద పెడతారు. కొంకి పురుగు గుడ్డుకి పల్చటి పారదర్శకమైన పెంకు, లోపల కొన్ని కణాలు కనిపిస్తాయి. ఏలికపాము గుడ్డుకి మందపాటి, గరుకైన గోధుమరంగు పెంకు. కొరడా పురుగు గుడ్డుకి రెండు చివర్లా బిరడాలు. ఏ గుడ్డో తెలిస్తేనే ఏ మందు, ఎన్నాళ్లు అన్నది తేలుతుంది.

ఇప్పుడు మన వాతావరణం సంగతి చూడండి. వేడిలో కొంకి పురుగు గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదిగి లార్వాలు బయటికొస్తాయి. నేల మీద పడి ఉన్న మలంలోకి మట్టిలో బతికే వేరే పురుగులు కూడా ఎక్కుతాయి. రెండు రకాల లార్వాలనీ విడదీసి చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. ఈగలు వాలి గుడ్లు పెడితే “మా కుక్క మోషన్‌లో పురుగులు లుకలుకలాడుతున్నాయి” అని కంగారుపడతారు, తీరా అవి ఈగ పిల్లలు. ఇవేవీ రాకూడదంటే పడిన వెంటనే తీయాలి, నేలకి తగిలిన అడుగుభాగాన్ని వదిలి పై నుంచీ మధ్య నుంచీ తీయాలి. మెడికల్ షాపులో మూతకే చిన్న చెంచా ఉన్న స్టూల్ కంటైనర్ దొరుకుతుంది. పెద్ద చెంచాడు చాలు. జిగట, రక్తం ఉంటే ఆ భాగం డబ్బాలో తప్పక ఉండాలి. చూడ్డానికి బాగున్న ముక్క ఏరి తేవడం చాలామంది చేసే పొరపాటు.

మలం చుట్టూ గానీ, తోక కింద వెంట్రుకల్లో గానీ బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. గెంతే పేలని కుక్క నమిలి మింగడం వల్ల వచ్చే రకం ఇది. దీని గుడ్లు ఆ ముక్కల్లోనే ఉండిపోతాయి కాబట్టి తేల్చే పరీక్షలో తరచూ దొరకవు. ఆ గింజనే కాస్త నీళ్లలో వేసి విడిగా తీసుకెళ్లండి. సగం నిర్ధారణ మీరే చేసినట్టు.

ఒక్క శాంపిల్‌లో ఏమీ కనిపించలేదంటే పురుగులు లేవని అర్థం కాదు. జియార్డియా అనే పరాన్నజీవి, కొరడా పురుగు రోజూ బయటపడవు. అందుకే రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు అడుగుతారు. మూడోదానికి విసుగొచ్చి మానేస్తే పురుగు పట్టుబడకుండా పోవచ్చు. జియార్డియాలో కదిలే రూపాన్ని చూడాలంటే పల్చటి విరేచనం అరగంట లోపే మైక్రోస్కోప్ కిందికి చేరాలి, కాబట్టి కుక్కని ఆసుపత్రికే తీసుకెళ్లి అక్కడ పట్టడం నయం. పసికూనల్లో ఇంకో చిక్కు ఉంది. కొంకి పురుగు తల్లి పాల ద్వారా కూడా వస్తుంది. పురుగు పెరిగి గుడ్లు పెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోపే అది రక్తం పీల్చేస్తుంటుంది. చిగుళ్లు పాలిపోయిన కూనకి రిపోర్టు బాగుందని ఊరుకోకూడదు.

కూన వాంతులు చేసుకుంటూ, నీచు వాసనతో రక్త విరేచనాలు పెడుతుంటే పార్వో వైరస్ జబ్బు అనుమానించాలి. ఆ మలాన్ని పుల్లకి అంటించి కిట్ మీద వేస్తే నిమిషాల్లో తేలుతుంది. ఈమధ్యే టీకా వేయించి ఉంటే తేదీ చెప్పండి, టీకా వైరస్ వల్ల కూడా కొన్ని రోజులపాటు పాజిటివ్ రావచ్చు. ఆ మలం పడిన చోట ఫినాయిల్ చల్లితే పార్వో వైరస్ చావదు, బ్లీచింగ్ నీళ్లే వాడాలి. వైరస్ ఆ నేలలో నెలల తరబడి బతుకుతుంది. కొత్త కూనని తెచ్చుకునేవాళ్లు ఈ మాట మరిచిపోవద్దు.

మలం తారులా నల్లగా ఉంటే పొట్టలోనో, చిన్న పేగుల్లోనో రక్తం కారుతోందని అనుమానం. గోమార్లు పట్టిన కుక్కల్లో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు కూడా ఇలా ఉండవచ్చు. మూత్రం టీ డికాషన్ రంగులో ఉంటే గోమార్ల ద్వారా వచ్చే బబేసియా గుర్తుకు రావాలి. డబ్బాని ఒక పక్కన కదలకుండా పెడితే, రక్తకణాలైతే అడుగుకి చేరి పైన తేటపడుతుంది, కణాలు పగిలి వచ్చిన రంగైతే తేటపడదు. ఇలాంటివి ఫోన్‌తో ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి. రంగు గంటల్లో మారుతుంది, ఫొటోలో మారదు. ఐరన్ టానిక్ వేస్తుంటే మలం నల్లబడుతుంది, అది కూడా చెప్పాలి.

పక్షులు, కుందేళ్లు ఉన్నవాళ్లకి రెండు మాటలు. లవ్ బర్డ్స్ పంజరం అడుగున రాత్రి శుభ్రమైన ప్లాస్టిక్ షీటు పరిస్తే పొద్దున రెట్ట ఇంకిపోకుండా దొరుకుతుంది. అందులో మలం, తెల్లటి యూరేట్లు, నీరు మూడూ ఉంటాయి, మూడూ కావాలి. కుందేలు మూత్రం కొన్నిసార్లు నారింజ, ఎరుపు రంగుల్లో రావడం మామూలే, తినే ఆకుల్లోని రంగుల వల్ల అలా అవుతుంది. పరీక్షించాకే రక్తమో కాదో చెప్పగలరు.

దారిలో పాడవకుండా

శాంపిల్ తీయడం ఒక ఎత్తు, చేర్చడం ఒక ఎత్తు. మూత్రాన్ని వేడిలో వదిలేస్తే బాక్టీరియా గంటల్లో రెట్టింపులవుతుంది, షుగర్‌ని తినేస్తుంది, పీహెచ్ పెంచుతుంది, కణాలు పగిలిపోతాయి. ఎండ తగిలితే బిలిరుబిన్ పాడైపోతుంది. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో స్కూటర్ సీటు కింద డబ్బా పెట్టి రెండు పనులు చూసుకుని వెళ్తే ల్యాబ్‌కి చేరేది వేరే ద్రవం. అరగంట, గంట లోపు చేర్చగలిగితే అంతకంటే మంచిది లేదు. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, 24 గంటలు దాటనివ్వకండి. డీప్ ఫ్రీజర్ వద్దు, గడ్డకడితే కణాలూ గుడ్లూ పాడవుతాయి. దూరం వెళ్లాలంటే ఇన్సులిన్ తీసుకెళ్లే చల్లటి సంచీ గానీ, థర్మాకోల్ డబ్బా గానీ చాలు. ఐస్‌కీ శాంపిల్ డబ్బాకీ మధ్య ఒక గుడ్డ మడత పెట్టండి.

ఫ్రిజ్‌కీ ఒక లోపం ఉంది. చల్లబడిన మూత్రంలో శరీరంలో లేని స్ఫటికాలు కొత్తగా ఏర్పడతాయి. స్ఫటికాలు చూసి, మూత్రంలో రాళ్లకి ఇచ్చే మేత పెట్టించేస్తే జంతువుకి నష్టం. కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టిన సంగతి దాచకుండా చెప్పండి. డబ్బాని రెండు ప్లాస్టిక్ కవర్లలో కట్టి, మీద పెద్ద అక్షరాలతో రాసి, తినే వస్తువులకి దూరంగా అడుగు అరలో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్తే గొడవ ఉండదు.

డబ్బా మీద చీటీ అంటించండి, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి. చీటీలో జంతువు పేరు, మీ పేరు, తేదీ, తీసిన గంట, ఎలా తీశారు, ఫ్రిజ్‌లో ఉందా లేదా, ఈ నెలలో వేసిన మందులు రాయాలి. పోయిన వారం నులిపురుగుల మందు వేసి ఉంటే, ఆముదం తాగించి ఉంటే ఆ సంగతి తప్పక రాయండి, అలాంటి శాంపిల్‌లో గుడ్లు కనిపించకపోవడంలో వింతేమీ ఉండదు.

చేతులకి డిస్పోజబుల్ గ్లవ్స్ వేసుకోండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. లెప్టోస్పైరోసిస్ ఉన్న కుక్క మూత్రం చేతి పుండుకి తగిలినా మనిషికి వస్తుంది, వానాకాలంలో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. పిల్లి మలంలోని టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, అందుకని ట్రే రోజూ శుభ్రం చేయాలి. గర్భిణులు ఆ పని ఇంకొకరికి అప్పగించాలి. పిల్లల చేత శాంపిల్ తీయించకండి.

రోత గురించి కూడా ఒక మాట చెప్పాలి. వీధిలో పళ్లెం పట్టుకుని కుక్క వెనక గొంతుక్కూచుంటే ఎవరైనా చూస్తారేమోనని చదువుకున్నవాళ్లే ఎక్కువ సిగ్గుపడతారు. పాలేరుకో, వాచ్‌మన్‌కో చెప్పి పని కానిస్తారు. కుక్కకి నమ్మకం ఉన్న మనిషి చేస్తేనే అది బెదరదు, ఎప్పుడు, ఎలా తీశారన్న ప్రశ్నకి జవాబు ఆ మనిషి దగ్గరే ఉంటుంది. పాడి ఉన్న ఇళ్లలో గేదె మూత్రం ఎర్రగా వచ్చిందని ముందు కనిపెట్టేది ఇంటావిడే, పేడ ముద్ద పట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచేదీ ఆ ఇంటి మనిషే. అక్కడ సిగ్గు లేదు. కుక్క దగ్గరా అక్కర్లేదు.

దగ్గర్లో వెటర్నరీ ల్యాబ్ లేనివాళ్లు పశువైద్య కళాశాలల్ని గుర్తుపెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో ఉన్నాయి. వెళ్లేముందు ఏ పరీక్షలు చేస్తారో, ఏ వేళల్లో శాంపిల్ తీసుకుంటారో ఫోన్ చేసి కనుక్కోండి.

జబ్బు చేశాకే శాంపిల్ అనుకోవద్దు. ఏడేళ్లు దాటిన కుక్కకీ పిల్లికీ ఏడాదికోసారైనా మూత్రం, మలం పరీక్ష చేయించండి. బాగున్న రోజుల రిపోర్టు దాచి ఉంటే, బాగోలేని రోజున డాక్టర్‌కి పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం. ఈరోజు మెడికల్ షాపు వైపు వెళ్లినప్పుడు రెండు యూరిన్ కంటైనర్లు, రెండు స్టూల్ కంటైనర్లు, ఒక జత గ్లవ్స్, సూది లేని ఒక సిరంజి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.